రెండో కాపీతో కట్టిన ఓడ

గత పద్నాలుగు నెలలుగా మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఎవరూ భోంచెయ్యట్లేదు. అందరం టీవీ ముందు చాప వేసుకుని తింటున్నాం. టేబుల్ మీద ఓ ఓడ ఉంది మరి. ఓడ అంటే మళ్ళీ పూర్తిగా ఓడ కాదు, ఎడమ వైపు పలకలన్నీ అతికి, కుడి వైపు పక్కటెముకలు కనిపిస్తూ, తెరచాప స్తంభాలు ఇంకా లేకుండా ఉన్న ఒక చెక్క బొమ్మ. "పెళ్ళి చేసుకోరా అంటే పడవలు చేసుకుంటా కూర్చున్నాడు" అని మా అమ్మ పక్కింటి ఆంటీకి చెప్పడం నేను నా చెవులతో విన్నాను.

ఆ ఓడ పేరు హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ. నేను చేస్తున్నది 96వ వంతు నమూనా. అంటే అసలు ఓడలో ఒక అడుగు నా దగ్గర అంగుళంలో ఎనిమిదో వంతు అన్నమాట. అసలు ఓడ ఫిరంగుల డెక్కు పొడవు 150 అడుగుల పైచిలుకు, వెడల్పు దాదాపు 40 అడుగులు. నా దగ్గర అది పందొమ్మిది అంగుళాలకి కాస్త తక్కువ, అయిదు అంగుళాల వెడల్పు. వినడానికి చిన్నగా ఉంది కదా? నేనూ అలాగే అనుకుని, మూడు నెలల్లో అయిపోతుందని ఎస్టిమేట్ వేసుకున్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఎస్టిమేట్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంతకీ ప్రపంచంలో ఇన్ని ఓడలుండగా ఇదే ఎందుకు అంటే, 2023లో ఆరు నెలలు ఆన్‌సైట్ కోసం ఇంగ్లండులో న్యూకాసిల్ వెళ్ళాను. ఓ శనివారం తోచక రైలెక్కి హార్టిల్‌పూల్ అనే ఊరికి వెళ్తే, అక్కడ డాక్‌లో ఈ ఓడ కనిపించింది. ఇంగ్లీషు వాళ్ళ పాత యుద్ధనౌక, ఇంగ్లీషు వాళ్ళ ఓక్ చెక్క, ఇంగ్లీషు వాళ్ళ గొప్పలు, ఓ గంట చూసి వచ్చేద్దాం అనుకుని టికెట్ కొన్నాను. తీరా చూస్తే అది కట్టింది బొంబాయిలో. చెక్క మలబారు టేకు. కట్టించిన మేస్త్రి ఒక పార్సీ ఆయన. నీటిలోకి దింపింది 12 అక్టోబర్ 1817న. యూరప్‌లో ఇప్పటికీ నీళ్ళ మీద తేలుతున్న యుద్ధనౌకల్లో అన్నిటికంటే పాతది ఇదే.

అప్పుడు నేను ఏ పని మీద ఆ దేశంలో ఉన్నానో మీకు తెలుసు. వాళ్ళు డిజైన్ ఇస్తారు, మనం ఇక్కడ కట్టి పంపిస్తాం. ఆ పని రెండొందల ఏళ్ళ క్రితమే మనవాళ్ళు చేశారని, అదీ ఇంకా తేలుతోందని తెలిశాక, ఆ ఓడని అంత తేలిగ్గా వదిలి రాలేకపోయాను. కింది డెక్కులో తల వంచుకుని నడుస్తూ ఓ దూలం మీద చెయ్యి వేసి అలా చాలాసేపు నిలబడ్డాను. పక్కన ఎవరో పిల్లాడు "ఈ అంకుల్ ఏం చేస్తున్నాడు" అన్నట్టు చూశాడు. (అంకుల్! నాకింకా ముప్ఫై రాలేదు.)

సరే, చరిత్రలోకి వద్దాం.

1800 ప్రాంతంలో ఇంగ్లీషు నౌకాదళానికి పెద్ద తలనొప్పి కలప. ఫ్రాన్సుతో, నెపోలియన్‌తో ఏళ్ళ తరబడి యుద్ధాలు. కట్టిన ఓడలు పాడవుతున్నాయి, కొత్తవి కావాలి, ఓక్ చెట్టేమో పెరగడానికి వందేళ్ళు పడుతుంది. అదే సమయంలో బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి మంచి ఓడల రేవు ఉంది. సూరత్ నుంచి లౌజీ నస్సర్వాన్‌జీ వాడియా అనే వడ్రంగి మేస్త్రి 1736లో బొంబాయి వచ్చి అక్కడ పని మొదలుపెట్టాడు. 1750కల్లా అక్కడ డ్రై డాక్ కూడా తయారైంది. ఆ తర్వాత తరాల తరబడి వాడియాలే ఆ రేవుకి మేస్త్రులు. లౌజీ మనవడు జంషెట్జీ బొమాన్‌జీ వాడియా కాలానికి వాళ్ళ పేరు లండన్ దాకా వెళ్ళింది. 1805లో సాల్సెట్, 1810లో 74 ఫిరంగుల మిండెన్, 1813లో కార్న్‌వాలిస్, 1815లో వెల్లెస్లీ. వరసగా ఇంగ్లండు రాజు నౌకాదళానికి బొంబాయి నుంచి డెలివరీలు. థేమ్స్ నది ఒడ్డున ఓడలు కట్టుకునే వాళ్ళు "మా పొట్ట కొడుతున్నారు" అని గోల పెట్టారు కూడా. ఇప్పటి అవుట్‌సోర్సింగ్ గోలకి ముత్తాత అనుకోండి.

టేకు సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషు వాళ్ళ 'టీక్' అన్న మాట మన దక్షిణాదిదే. మలయాళంలో తేక్కు, మనకి టేకు. ఓక్‌లో ఉండే ఆమ్లం ఇనప మేకుల్ని తినేస్తుంది. టేకులో ఉండే నూనె ఆ పని చెయ్యదు, పైగా చెదలని, కుళ్ళుని దగ్గరికి రానివ్వదు. అందుకే టేకు ఓడలు ఎక్కువ కాలం బతికేవి.

ఇక డిజైన్. ఇది నాకు భలే నచ్చిన భాగం. ట్రింకోమలీ లెడా తరగతి ఫ్రిగేట్. ఫ్రిగేట్ అంటే మరీ పెద్దది కాని, వేగంగా వెళ్ళే యుద్ధనౌక. ఈ లెడా డిజైన్ ఇంగ్లీషు వాళ్ళ సొంతం కాదు. 1782లో వాళ్ళు ఎబే అనే ఫ్రెంచి ఓడని పట్టుకున్నారు. దాన్ని గీసిన వాడు సానే అనే ఫ్రెంచి ఇంజినీరు. పట్టుకున్న ఓడని కొలిచి, గీసుకుని, ఆ గీతల మీద తమ ఓడలు కట్టుకున్నారు. అచ్చంగా రివర్స్ ఇంజినీరింగ్. అంటే ఫ్రెంచి వాడి ఆలోచన, ఇంగ్లీషు వాడి డాక్యుమెంటు, మనవాళ్ళ చేతిపని. 1812 అక్టోబర్‌లో ఆర్డర్ ఇచ్చి డ్రాయింగులు బొంబాయికి పంపారు. జావా అనే యుద్ధనౌకలో.

జావా బొంబాయి చేరలేదు. అప్పటికే అమెరికాకీ ఇంగ్లండుకీ యుద్ధం మొదలైంది. 1812 డిసెంబర్ 29న బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా వాళ్ళ కాన్‌స్టిట్యూషన్ అనే ఓడ ఎదురైంది. మూడు గంటలకి పైగా యుద్ధం. జావా స్తంభాలన్నీ విరిగిపోయాయి, కెప్టెన్‌కి తగిలిన దెబ్బ ప్రాణం తీసింది. ఇక పనికిరాదని జావాని అమెరికన్లు తగలబెట్టేశారు. జావా చుక్కాని చక్రం మాత్రం పీకి తమ ఓడకి బిగించుకున్నారు, వాళ్ళది యుద్ధంలో పగిలిపోయింది కాబట్టి. ట్రింకోమలీ డ్రాయింగులు జావాతో పాటే పోయాయి.

బ్యాకప్ ఉందో లేదో అని కంగారు పడకండి. ఇంగ్లీషు వాళ్ళు మళ్ళీ కాపీ గీసి మరుసటి ఏడాది బొంబాయికి చేర్చారు. ఆ రెండో కాపీతోనే 1816లో ఓడకి పని మొదలైంది. విచిత్రం ఏంటంటే, డ్రాయింగుల్ని తగలబెట్టిన ఆ కాన్‌స్టిట్యూషన్ ఇప్పటికీ బోస్టన్‌లో తేలుతోంది. ఆ డ్రాయింగుల రెండో కాపీతో పుట్టిన ట్రింకోమలీ హార్టిల్‌పూల్‌లో తేలుతోంది.

రెండో కాపీ కష్టం నాకూ తప్పలేదు. లెడా తరగతి డ్రాయింగులు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం దగ్గర ఉన్నాయి, డబ్బు కడితే కాపీ ఇస్తారు. తెచ్చుకున్న దాన్ని స్కాన్ చేసి, కూకట్‌పల్లిలో ఒక జిరాక్స్ షాపులో నా స్కేలుకి ప్రింట్ తీయించాను. పదిహేను రోజులు కష్టపడి అడుగు దూలం, అడ్డ కోతలు ప్లైవుడ్‌లో కోశాను. తీరా కొలిస్తే పద్దెనిమిది అంగుళాల ముప్పావు రావలసిన డెక్కు పద్దెనిమిదింపావే వచ్చింది. ఆ షాపు అబ్బాయి 'ఫిట్ టు పేజ్' టిక్కు పెట్టి ప్రింట్ తీశాడు. మొత్తం బొమ్మ నూటికి మూడు వంతులు కుంచించుకుపోయింది. తప్పు నాదే, ముందే స్కేలు పెట్టి చూసుకోవాలి. అలా నా మొదటి ట్రింకోమలీ చెత్తబుట్టలో మునిగిపోయింది. రెండో కాపీతో మళ్ళీ మొదలు.

ఇక్కడ కలప గురించి ఒక మాట. టేకు ఓడ నమూనాని టేకుతోనే చెయ్యాలని నాకు మహా సరదాగా ఉండేది. చేసి చూశాను. కుదరదు. టేకు చారలు పెద్దవి. అసలు ఓడ మీద అవి అందంగా ఉంటాయి గానీ, 96వ వంతు పలక మీద ఒక్కో చార ఒక్కో కాలువలా కనిపిస్తుంది. పైగా సన్నగా చీలిస్తే పెళుసుగా విరుగుతుంది. విదేశాల్లో ఈ పని చేసేవాళ్ళు బాక్స్‌వుడ్, పేర్ చెట్టు కలప వాడతారు. అవి మన దగ్గర ఖరీదు. చారలు కనపడని, తెల్లగా నున్నగా ఉండే కలప మనకేం ఉందబ్బా అని ఆలోచిస్తుంటే మా అమ్మ తన పెళ్ళినాటి లక్కపిడతలు చూపించింది. ఏటికొప్పాక బొమ్మలు. అంకుడు కర్ర!

మర్నాటి ఆదివారమే ఏటికొప్పాక బయల్దేరాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. లక్క బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ ఒక మేస్త్రిని పట్టుకుని, "నాకు మూడు మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం పట్టీలు కోసుకోడానికి కర్ర కావాలండీ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏం చేత్తారండి?" అని అడిగాడు. ఓడ అని చెప్పాను. లోపలికెళ్ళి నాలుగు దుంగలు తెచ్చి మూడు పక్కన పెట్టేసి ఒక్కటే ఇచ్చాడు. ఆ మూడూ ఎందుకు వద్దో నాకు అప్పుడు తెలీలేదు. ఇప్పటికీ చూస్తే నాకు నాలుగూ ఒకలాగే ఉంటాయి. కానీ ఆయనిచ్చిన కర్రలో ఒక్క పట్టీ కూడా మెలి తిరగలేదు.

నేను ఇందాకటి నుంచి అసలు చెప్పాలనుకుంటున్నది ఈ దుంగ దగ్గరే ఉంది. కాస్త ఓపిక పట్టండి.

ఓడ డ్రాయింగ్ మూడు బొమ్మలు. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి. ఫస్ట్ ఇయర్ ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో మనమంతా చచ్చీచెడీ గీసినవే. వీటిని బట్టి ఓడ ఒంటి వంపు ఎక్కడ ఎంత ఉందో చుక్క చుక్కకీ చెప్పేయొచ్చు. అందులో దాపరికం ఏం లేదు. నేనూ ఆ అడ్డ కోతలు కోసి, అడుగు దూలానికి బిగించి, వాటి అంచుల్ని గరుకు కాగితంతో చదును చేసి, ఇక పలకలు అతికించడమే కదా అనుకున్నాను.

ఎడమ వైపు మొదటి పలక మధ్య భాగంలో హాయిగా పడుకుంది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఫట్. రెండోదీ ఫట్. వేణ్ణీళ్ళలో నానబెట్టి వంచాను. ఈసారి విరగలేదు గానీ పక్కకి తిరిగి పైకి లేచింది. ఇలా పదిహేడు పలకలు పాడు చేశాక గానీ నాకు విషయం బుర్రకెక్కలేదు. ఓడ మధ్యలో డెక్కు నుంచి అడుగు దూలం దాకా చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. పలకల సంఖ్య మాత్రం రెండు చోట్లా ఒకటే. కాబట్టి ప్రతి పలకా ముక్కు వైపు పోనుపోను సన్నబడాలి. ఎంత సన్నబడాలి అనేది పలక పలకకీ వేరు. దాన్ని డ్రాయింగులో ఎవరూ గియ్యరు. సన్నటి కాగితం పట్టీ ఓడ ఒంటి మీద పరిచి, గుర్తులు పెట్టుకుని, ఆ ఆకారానికి చెక్క కోయాలి. కాగితం తనకు తాను ఎటు పడుకుంటే పలక అటే వెళ్ళాలి, మనం బలవంతంగా లాగకూడదు. ఇది ఎక్కడా రాసి లేదని కాదు, చదివాను కూడా. చదివినప్పుడు అర్థమైందనే అనుకున్నాను.

బొంబాయికి వెళ్ళిన ఆ రెండో కాపీలోనూ ఉన్నవి ఇవే మూడు బొమ్మలు, కొన్ని కొలతలు. ఓడ రూపం అంతా అందులో ఉంది. ఏ చెట్టు కొమ్మ సహజంగా ఏ వంపు తిరిగి ఉంటే దాన్ని ఏ పక్కటెముకకి వాడాలో అందులో లేదు. ఏ దుంగ పక్కన పెట్టేయాలో లేదు. గుజరాత్ తీరంలో ఓడల మేస్త్రులు పలకల అంచుల్ని ఒకదాంట్లో ఒకటి దూరేలా గాడి కోసి, మధ్యలో దూది, గుగ్గిలం పెట్టి బిగించేవాళ్ళని, అతుకు ఎక్కడుందో కనిపించేది కాదని 18వ శతాబ్దంలో సూరత్ చూసి వెళ్ళిన యూరప్ వాళ్ళు రాశారు. వాడియాలది ఆ సూరతే. మనం ఇప్పుడు 'ఇంప్లిమెంటేషన్ డీటెయిల్' అని చిన్నచూపు చూసే సరుకంతా ఇదే. ఓడని ఇన్నాళ్ళు తేలేలా చేసిందీ ఆ సరుకే.

ఎందుకంటే రూపం ఒక్కటే కారణమైతే లెడా తరగతి ఓడలన్నీ మిగలాలి కదా. ఆ డిజైన్ మీద ఇంగ్లండు నౌకాదళం కట్టిన ఓడలు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఇప్పుడు మిగిలినవి రెండు. ఒకటి స్కాట్లాండులో డండీలో ఉన్న యూనికార్న్, 1824 నాటిది. అది కట్టగానే పైన కప్పు వేసి దాచేశారు, స్తంభాలు నిలబెట్టి సముద్రం మీద తిప్పిందే లేదు. అంటే ప్రొడక్షన్‌కి వెళ్ళని కోడ్. రెండోది మన ట్రింకోమలీ. ఇదీ మొదట్లో చాలా ఏళ్ళు ఖాళీగా ఉన్న మాట నిజమే. 23,000 పౌన్లతో కట్టి, 6,600 పౌన్లు ఖర్చు పెట్టి ఇంగ్లండు తీసుకెళ్ళారు. దారిలో 1819 జనవరిలో సెయింట్ హెలీనా ద్వీపంలో ఆగింది. అక్కడ ఖైదులో ఉన్నది నెపోలియన్! ఎవరితో యుద్ధం కోసం ఈ ఓడలన్నీ కావాల్సి వచ్చాయో ఆయనే. ఆయనకి వైద్యం చేసిన డాక్టర్ జాన్ స్టోకో అక్కడ ఈ ఓడే ఎక్కాడు. 1819 ఏప్రిల్ 30న పోర్ట్స్‌మౌత్ చేరేసరికి యుద్ధమూ లేదు, పనీ లేదు. 1845 దాకా మూల కూర్చోబెట్టారు. ఆన్‌సైట్ వెళ్ళి బెంచ్ మీద కూర్చున్నట్టు.

తర్వాత మాత్రం గట్టిగానే పని చేసింది. 1847 నుంచి మూడేళ్ళు ఉత్తర అమెరికా, వెస్టిండీస్ వైపు. 1852 నుంచి 1857 దాకా పసిఫిక్ మహాసముద్రంలో. ఆ తర్వాత నావికులకి శిక్షణ ఇచ్చే ఓడగా. 1897లో తుక్కు కింద అమ్మేశారు. అయినా దాని ఆయుష్షు తీరలేదు. వీట్లీ కాబ్ అనే ధనికుడి పాత ఓడ ఫూడ్రాయెంట్ అదే ఏడాది తుఫానులో దెబ్బతిని పోయింది. ఆయన ఈ ఓడ కొనుక్కుని దానికి తన పాత ఓడ పేరే పెట్టుకున్నాడు. ఆ పేరుతో 1986 దాకా కుర్రాళ్ళకి శిక్షణ ఓడగా పనిచేసింది. 1987లో హార్టిల్‌పూల్ చేర్చారు, 1990లలో బాగుచేసి, పాత పేరు మళ్ళీ పెట్టారు. 2001కి ఆ పని పూర్తయింది. అప్పుడు విప్పి చూస్తే సగానికి పైగా కలప ఇంకా బొంబాయిలో వేసిందే, మార్చక్కర్లేదు.

ఇక్కడితో ఆపేస్తే 'మనవాళ్ళు ఎంత గొప్పవాళ్ళో చూడండి' టైపు ఫార్వర్డ్ మెసేజ్ అవుతుంది. నాకు ఆ మెసేజిలంటే చిరాకు. అందుకని మిగతా సగం కూడా చెప్తాను.

జంషెట్జీ గురించి ఒక కథ చెప్తారు. ఆయన కట్టిన ఒక ఓడ, కార్న్‌వాలిస్ అనే పేరుతోనే అంతకు ముందు 1800లో కట్టింది, చాలా ఏళ్ళ తర్వాత రిపేరుకి బొంబాయి వచ్చింది. అప్పుడు ఆయన లోపలి దూలం మీద ఒక మూలన చెక్కిన అక్షరాలు చూపించాడట. ఈ ఓడని కట్టింది ఒక దిక్కుమాలిన నల్లవాడు అని అర్థం వచ్చే మాటలు, కింద సంవత్సరం. తెల్లవాళ్ళు తనని ఏమని పిలుస్తారో అదే పిలుపుని ఎవరికీ కనపడని చోట తానే చెక్కి పెట్టాడు. ఇన్నేళ్ళు సముద్రాల మీద ఎంత మంది తెల్ల అధికారులు ఆ దూలం మీద నడిచుంటారో.

ఈ కథ చదివినప్పుడు నాకు మా ప్రాజెక్టు గుర్తొచ్చింది. ఏ కంపెనీ, ఏ క్లయింటు అన్నది అనవసరం. వాళ్ళ డిజైన్ డాక్యుమెంటులో వడ్డీ లెక్కలో పైసలు గుండ్రం చేసే చోట తప్పు ఉంది. మా టీంలో రెండేళ్ళ అనుభవం ఉన్న ఒక అమ్మాయి పట్టుకుంది. మెయిల్ పెడితే 'స్పెక్ ప్రకారం చెయ్యండి' అని జవాబు. ఆమె మూడు రాత్రులు కూర్చుని, పాత డేటా అంతా నడిపి, ఎంత డబ్బు తేడా వస్తుందో పట్టిక వేసి పంపింది. అప్పుడు ఒప్పుకున్నారు. రిలీజ్ నోట్‌లో ఆ సవరణ కింద 'డిజైన్ టీం' అని ఉంది. మేం ఎవ్వరం నోరెత్తలేదు. నేను కూడా. అప్రైజల్ టైం అది.

జంషెట్జీ పేరైనా మిగిలింది. ట్రింకోమలీ కోసం రంపం పట్టిన వాళ్ళ పేర్లు, కలప మోసిన వాళ్ళ పేర్లు, మలబారు అడవుల్లో ఆ చెట్లు నరికిన వాళ్ళ పేర్లు నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇంకో సంగతి. 1813లో కట్టిన 74 ఫిరంగుల కార్న్‌వాలిస్ ఏ పనికి వెళ్ళిందో తెలుసా? మొదటి నల్లమందు యుద్ధం చివర, 1842 ఆగస్టు 29న చైనా చేత నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకం పెట్టించింది దాని మీదే. హాంగ్‌కాంగ్‌ని ఇంగ్లండుకి రాసిచ్చిన ఒప్పందం. అమ్మిన నల్లమందూ ఇక్కడిదే, బెదిరించిన ఓడా ఇక్కడిదే. లాభం, పాపం ఎవరి ఖాతాలో ఎంత వెయ్యాలో మీరే ఆలోచించండి. చక్కగా కట్టాం అన్నంత మాత్రాన దాంతో ఏం చేశారన్నది మనకి సంబంధం లేకుండా పోదు. మనం రాసే కోడ్ ఎక్కడ నడుస్తుందో మనలో ఎంత మందిమి అడిగాం? నేను అడగలేదు.

చివరిది, నన్ను నిజంగా భయపెట్టేది. 1848లో మియానీ అనే పెద్ద ఓడ బొంబాయిలో నీటిలోకి దిగింది. ఆ తర్వాత కాలం ఆవిరిది, ఇనుముది. అంత పెద్ద చెక్క తెరచాప ఓడలు అడిగేవాడు లేడు. వాడియాల చేతిపనిలో లోపం ఏమీ లేదు. ఆ పనికున్న పెద్ద గిరాకీదారు దారి మార్చుకున్నాడు, అంతే. ఇనుము కరిగించే కొలిమి, ఆవిరి యంత్రాల కర్మాగారాలు ఇంగ్లండులో ఉన్నాయి. ఇక్కడ ఉన్నది టేకు గురించి నాలుగు తరాల జ్ఞానం. మా కాకినాడ పక్కన కోరంగిది ఇంకా చిన్న కథ. ఒకప్పుడు పెద్ద ఓడల రేవు, ఓడలు కట్టిన, బాగుచేసిన చోటు. 1839 తుఫానులో ఉప్పెన వచ్చి ఊడ్చుకుపోయింది, మళ్ళీ ఆ స్థాయికి లేవలేదు. చిన్నప్పుడు మా తాతయ్య తాళ్ళరేవు తీసుకెళ్తే అక్కడ చెక్క పడవలు కట్టే మేస్త్రి దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. తాడు ముక్క, బొగ్గు, అంతే. కోరంగి ఓడలకి నేను నమూనా చేద్దామన్నా గ్రీనిచ్‌లో లాగా ఏ డ్రాయరులోనూ బొమ్మ దొరకదు. డ్రాయింగ్ ఒక్కటే ఉంటే ఓడ అవదని ఇందాక అన్నాను. డ్రాయింగ్ అసలు లేకపోతే మనిషితో పాటే ఓడా పోతుంది. రెండూ నిజమే.

ఇప్పుడు స్పెక్ రాసిస్తే కోడ్ రాసే యంత్రాలు వచ్చేశాయి. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర వేరే మాట లేదు. 'మనం స్పెక్ ప్రకారం చేసేవాళ్ళం' అని ఇన్నాళ్ళు వినయంగా చెప్పుకున్న మాటే ఇప్పుడు మన మెడకి చుట్టుకుంటోంది. స్పెక్ ప్రకారం చెయ్యడమే మన పని అయితే ఆ పని యంత్రం చేస్తుంది. కానీ ఏ దుంగ పక్కన పెట్టాలో, పైసలు ఎక్కడ తప్పుతున్నాయో అనేది స్పెక్‌లో లేదు కదా, అది చూసింది మనిషే కదా అంటాను నేను. మా ఫ్రెండ్ ఒకడు "మియానీ తర్వాత ఆ జ్ఞానం ఎవడికి కావాల్సొచ్చిందిరా?" అంటాడు. వాడికి ఇవ్వడానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. నాకు తెలిసిందల్లా, పని తెలిసిన వాళ్ళు తమకేం తెలుసో నోరు తెరిచి చెప్పాలి, రాసి పెట్టాలి, కింద పేర్లు పెట్టాలి. కనపడని మూల దూలం మీద చెక్కుకుని ఊరుకుంటే సరిపోదు. మొన్నటి రిలీజ్ నోట్‌కి డ్రాఫ్ట్ రాసేటప్పుడు నేను ఆ అమ్మాయి పేరు పాత సవరణ ఎదురుగా పెట్టి పంపాను. ఉంచారో తీసేశారో వచ్చే నెల తెలుస్తుంది.

ట్రింకోమలీ పని మొదలుపెట్టినప్పుడు పార్సీల ఆనవాయితీ ప్రకారం అడుగు దూలంలో వెండి మేకు కొట్టారు. ఈ సంగతి మా అమ్మకి చెప్పాను. పడవల మీద అంత కోపంగా ఉన్న మనిషి, లోపలికెళ్ళి తెగిపోయిన పాత వెండి పట్టీలోంచి ఒక చిన్న ముక్క తీసుకొచ్చి, "శుక్రవారం పెట్టు, ఇవాళ వద్దు" అంది. శుక్రవారమే పెట్టాను.

కుడి వైపు పలకలు ఈ వారం మొదలుపెడుతున్నాను. మూసేస్తే ఇక లోపల కనపడదు కాబట్టి, అంతకు ముందే లోపలి దూలం మీద పెన్సిలుతో మూడు పేర్లు రాశాను. కర్ర ఏరి ఇచ్చిన ఏటికొప్పాక మేస్త్రిది, లక్కపిడతలు చూపించిన మా అమ్మది, నాది. మేస్త్రి పేరు అడగడానికి మళ్ళీ ఫోన్ చెయ్యాల్సొచ్చింది. మొదటిసారి వెళ్ళినప్పుడు అడగడమే మర్చిపోయాను.